గీతలున్న బండ

మాకున్నది నూటపది గజాలు.
అందులో ఇల్లు పోను, సంపు పోను,
స్కూటీ నిలబెట్టే జాగా పోను
గేటు నుంచి గడప దాకా మిగిలింది
పదకొండు అడుగుల బురద.

ఈ వానాకాలం అది
రెండు జతల చెప్పుల్ని మింగింది.
జాకెట్ ఇవ్వడానికొచ్చిన పద్మజ టీచర్ని
గేటు దగ్గరే కూలబడేసింది.
అప్పుడనుకున్నాను, బండలు పరవాలి.
బండకీ బండకీ సందులో గడ్డి,
పక్కన నాలుగు కనకాంబరం మొక్కలు.
అంతకు మించి తోట నాకు పట్టదు, నా జాగాకూ పట్టదు.

నాగోలు రోడ్డు మీద పెద్ద షోరూం.
రాళ్లు ఏసీలో ఉన్నాయి.
ఎండలో పుట్టినవాటికి ఏసీ ఎందుకో!
టై కట్టుకున్న పిల్లగాడు
"నేచురల్ ఫినిష్ మేడమ్" అన్నాడు.
అంటే ఏమిటని అడిగితే
ఏమీ చేయకుండా వదిలేసిందట.
ఏమీ చేయనందుకు అడుగుకి నూట ఎనభై.
హుక్కులూ కాజాలూ కుట్టి, లైనింగ్ వేసి
నేనెప్పుడూ అంత ధైర్యంగా ధర చెప్పలేదు.

ఉప్పల్ దాటాక షెడ్లు మొదలయ్యాయి.
తాండూరు నాపరాయి, పసుపు, నీలం.
కడప నలుపు.
నా సంచిలో ఉన్నది దర్జీ టేపే.
దాంతోనే కొలిచాను
ఛాతీ, నడుము, పొడవు.
ఒకాయన నవ్వాడు.
ఇంకొకాయన ట్రక్కు లోడు కన్నా తక్కువ అమ్మనన్నాడు.
మూడో ఆయన నిద్రలేవలేదు.

బోడుప్పల్‌లో మా ఇంటికి రెండు సందుల అవతలే,
ట్రాన్స్‌ఫార్మర్ వెనక, కూర్చుని ఉంది వల్లెపు దుర్గవ్వ.
చుట్టూ బండలు, నిలబెట్టినవి, పడుకోబెట్టినవి.
గణపతో ఒక్కో దాన్ని తట్టి చెవి పెడుతుంది.
"గణ్ అంటే మంచిది. దబ్ అంటే లోపల పగిలిందన్నట్టు."
దేన్నైనా తడుతుందా అన్నాను.
"మా ఆయన్ని తట్టలే, గదే తప్పయింది" అంది.

"పాత ఇండ్లు కూలగొడ్తే తెచ్చినవి బిడ్డా. షాబాదు.
అరవై ఏండ్ల సంది కాళ్లే పాలిష్ కొట్టినయి."
నలభై నుంచి మొదలుపెట్టి
ఇరవై రెండు దగ్గర ఇద్దరం అలిసిపోయాం.
బండలకు నాలుగొందల ఎనభై నాలుగు,
బండికి ఆరొందలు.
చివర్లో విరిగిన ముక్క ఒకటి పైన పడేసింది.
"గీతలు వడ్డది. లెక్కల్లేదు, పట్కపో."

ఇంటికొచ్చి బక్కెట్ నీళ్లు పోశాను.
గీతలు కావు, గడులు.
ఎవరో మేకుతో, ఓపికగా, తిట్లు తింటూ చెక్కిన
అష్టాచెమ్మా.
నిలువున అయిదు, అడ్డంగా రెండు, అక్కడితో విరిగింది.
కాయ పండాల్సిన నడిమి గడి
అటు ముక్కలో ఉండిపోయింది.

బుధవారం కుట్టు ఆపి మళ్లీ వెళ్లాను.
"గదా? నిన్ననే పాయె. ఘట్కేసర్ దిక్కు.
బర్ల కొట్టంల ఏస్తడట."

మేస్త్రీ అంజిలయ్య బోర్లా వేద్దామన్నాడు,
కింద మొఖం నున్నగా ఉందని.
ఆయన తాపీ ఎత్తేలోగా
నేను దాని మీద కూర్చున్నాను.

ఇప్పుడు బురద లేదు.
ఒక కనకాంబరం చచ్చింది, మూడు బతికాయి.
సాయంత్రం పక్కింటి నౌషీన్ వస్తుంది,
చింతపిక్కలు ఒక పక్క అరగదీసుకుని.
నిన్న దాని కాయ అంచు దాకా చేరింది.
"ఇక్కడి నుంచి ఎటు ఆంటీ?"
"ఘట్కేసర్."
అది నమ్మింది. తల ఊపి, పిక్కలు గలగలలాడించి వేసింది.
అష్టా పడింది.

అప్పుడే చినుకులు.
కాయ అక్కడే వదిలేసి
చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం
బండ మీంచి బండ మీదికి అడుగేస్తూ లోపలికొచ్చాం.
గడప మీద తడి పాదాలు.
మట్టి లేదు.